తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

"మా మేనమామకు పాజిటివ్ వచ్చింది. ఎవరో చెబితే ఫలానా మాత్ర వేసుకున్నాడు. నాలుగో రోజుకల్లా లేచి తిరిగాడు. కళ్ళెదుట కనబడుతున్నదానికి ఇంకా రుజువులేమిటండీ?" కోవిడ్ రెండేళ్ళలో ఈ మాట వినబడని ఊరు లేదు. మాత్ర పేరు మాత్రం మారుతూ వచ్చింది. మొదట హైడ్రాక్సీక్లోరోక్విన్, ఆ తర్వాత ఫావిపిరవిర్, ప్లాస్మా, ఐవర్‌మెక్టిన్, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్, చివరికి నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య పంచిన మందు. అడిగినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. ఆస్పత్రిలో మంచం దొరకని రోజుల్లో, ఇంట్లో మనిషికి ఆక్సిజన్ తొంభై కిందికి దిగుతుంటే, చేతికందిన మందు వేయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి తరం? అందుకే ఈ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పాలి. మందు వేసుకున్నాక తగ్గడం వేరు, మందువల్ల తగ్గడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూపే దారి ఒకటి ఉంది. మహమ్మారి కాలంలో ఆ దారిన నడవడం అసాధ్యమనీ, దయలేని పని అనీ చాలామంది అనుకున్నారు. రెండూ నిజం కావని ఆ రెండేళ్ళ అనుభవమే చూపింది.

శరీరం పడ్డ కష్టం ఎవరి ఖాతాలో పడింది?

కోవిడ్ సోకినవారిలో అత్యధికులకు ఏ మందూ వాడకపోయినా తగ్గిపోయింది. వైరస్ లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచీ శరీరం దాన్ని గుర్తుపట్టే పనిలో ఉంటుంది. కొన్ని రోజుల్లో దానికి సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది, వైరస్ చొరబడిన కణాలను వెతికి చంపుతుంది. జ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గు కొన్నాళ్ళు ముదిరి, వారం పది రోజుల్లో సద్దుమణుగుతాయి. మరి మనిషి మందుకోసం ఎప్పుడు పరుగెత్తుతాడు? బాధ పతాకస్థాయికి చేరినప్పుడు. అక్కడినుంచి చాలామందికి ఇక తగ్గడమే మిగిలి ఉంటుంది. ఆ పూట గొంతులో పడింది మాత్ర అయినా, కషాయమైనా, ఉత్త మంచినీళ్ళయినా, మర్నాటి ఉపశమనం దాని ఖాతాలోకే వెళుతుంది.

చిన్న లెక్క ఒకటి వేసి చూద్దాం. నూటికి 98 మందికి దానంతటదే తగ్గే జబ్బు ఒకటుందనుకోండి. మంచికీ చెడుకీ దేనికీ కొరగాని ఒక మందును 10,000 మంది వాడారు. అందులో 9,800 మంది కోలుకుంటారు. ఆ 9,800 మందీ అబద్ధాలకోరులు కారు. తమకు జరిగింది జరిగినట్టే చెబుతారు. వాళ్ళలో వందమంది ఫోన్ ముందు కూర్చుని వీడియో తీసి పెట్టినా చాలు, రాష్ట్రమంతా ఆ మందు పేరు మారుమోగుతుంది. మిగిలిన 200 మంది సంగతేమిటి? పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పలేరు. వాళ్ళ ఇంటివాళ్ళు మందును అనుమానించరు, 'మేమే ఆలస్యం చేశాం' అని తమనే నిందించుకుంటారు. అంటే మంచి కబురు తనంతట తానే ఊరూరా తిరుగుతుంది, చెడ్డ కబురు ఇంటి గడప దాటదు. ఇందులో ఎవరి మోసమూ అక్కర్లేదు. మోసగాళ్ళు లేకుండానే ఒక పనికిరాని మందుకు వేలమంది నిజాయితీగల సాక్షులు పుట్టుకొస్తారు. వైద్యులకూ ఇందులో మినహాయింపు లేదు. తాను చీటీ రాసిన వందమందిలో 98 మంది నవ్వుతూ తిరిగొచ్చి నమస్కారం పెడితే, ఎంత చదువుకున్న డాక్టరుకైనా తన మందు మీద నమ్మకం కుదురుతుంది.

పక్క మడి చెప్పే సంగతి

పొలం దగ్గరికి వెళితే విషయం సులువుగా అర్థమవుతుంది. ఒక రైతు కొత్త ఎరువు కొని పొలమంతా చల్లాడు. ఆ ఏడు పంట విరగబడి పండింది. ఎరువు మంచిదే అనుకోవచ్చా? ఆ ఏడు వానలు కూడా అదునుకు పడ్డాయేమో. సరే, సగానికి చల్లి సగం వదిలేశాడు, చల్లిన సగమే బాగా పండింది. ఇప్పుడైనా నమ్మవచ్చా? ఆ సగం కాలువ పక్కనున్నదైతే? మంచి నేల మీదే డబ్బు పెడదామని తనకు తెలియకుండానే అటువైపు చల్లి ఉంటే? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920లలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్తకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. ఆయన కనిపెట్టిన ఉపాయం: పొలాన్ని చిన్న చిన్న మడులుగా విడగొట్టు. ఏ మడికి ఎరువు వేయాలో రైతు గానీ పరిశోధకుడు గానీ ఎంచకూడదు, చీటీ వేసి తేల్చాలి. అప్పుడు సారవంతమైన మడులూ, చవుడు మడులూ, నీడ పడే మడులూ రెండు వైపులా ఇంచుమించు సమంగా పడతాయి. మనకు తెలిసిన తేడాలే కాదు, మన ఊహకే అందని తేడాలు కూడా సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా ఎరువు వేసిన మడులు బాగా పండితే, ఆ ఘనత ఎరువుదే.

ఈ పద్ధతి మనుషుల వైద్యంలోకి వచ్చిన తీరు మన చర్చకు చాలా ముఖ్యం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు అమెరికాలో వచ్చింది. యుద్ధంలో చితికిపోయిన బ్రిటన్ దగ్గర దాన్ని తగినంత కొనే డబ్బు లేదు. ఉన్న కాస్త మందు ఎవరికివ్వాలి? బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త, ఎలాగూ అందరికీ చాలదు కాబట్టి చీటీలు వేసి పంచుదాం, ఫలితం లెక్కపెడదాం అన్నాడు. 107 మంది రోగులు. మందు ఎవరికో, లేనిదెవరికో సీలువేసిన కవర్లలో ముందే రాసి పెట్టారు. 55 మందికి స్ట్రెప్టోమైసిన్, 52 మందికి అప్పటి అలవాటు ప్రకారం మంచం మీద విశ్రాంతి. ఆరు నెలల్లో మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. 1948లో ఈ ఫలితం అచ్చయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి రెండో గుంపు వైపు చూడాలి. ఏ మందూ అందని ఆ 52 మందిలో 38 మంది ఆరు నెలల తర్వాత కూడా బతికే ఉన్నారు. అది క్షయ, అదీ ముదిరిన క్షయ. ఆ 38 మందికే ఎవరో ఒక లేహ్యం ఇచ్చి ఉంటే, ఆ లేహ్యానికి 38 మంది సాక్షులు దొరికేవారు. ఒక మందుకు గుణముందో లేదో చెప్పగలిగేది రెండు గుంపుల మధ్య తేడా ఒక్కటే.

ఈ పద్ధతిని ఇక్కడ చీటీ పంపకం అందాం, మందు అందని గుంపును పోలిక గుంపు అందాం. పోలిక గుంపుకు వీలైతే చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. అసలు మాత్ర ఎవరు మింగారో రోగికీ, పరీక్షించే డాక్టరుకూ తెలియకపోతే, ఆశ కొద్దీ 'కాస్త నయంగానే ఉంది' అనిపించడం కూడా రెండు వైపులా సమానమవుతుంది. చావుబతుకుల లెక్కకు ఉత్తుత్తి మాత్ర అంత అవసరం లేదు. చీటీ పంపకం మాత్రం తప్పదు.

లెక్కలోంచి జారిపోయిన ఆరుగురు

2020 మార్చి 20న ఫ్రాన్సులోని మార్సెయ్ నగరం నుంచి దిదియే రవూల్ట్ బృందం ఒక వ్యాసం ప్రకటించింది. మలేరియాకూ, లూపస్, కీళ్ళవాతం వంటి జబ్బులకూ దశాబ్దాలుగా వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే ఆరో రోజుకల్లా ముక్కులోని వైరస్ చాలామందిలో మాయమైందన్నది దాని సారాంశం. ఈ వ్యాసాన్ని దగ్గర పెట్టుకుని చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన గొడవంతా ఇక్కడ మొదలైంది. మందు మొదలుపెట్టింది 26 మందికి. లెక్కలో చూపించింది 20 మందిని. తీసేసిన ఆరుగురు ఏమయ్యారో వ్యాసంలోనే రాసి ఉంది: ముగ్గురిని ఐసీయూకు తరలించారు, ఒకరు చనిపోయారు, ఒకరు వికారం వల్ల మందు ఆపేశారు, ఒకరు ఆస్పత్రి నుంచి వెళ్ళిపోయారు. చివరిదాకా ముక్కు నమూనాలు అందలేదు కాబట్టి వీళ్ళను లెక్కలో చేర్చలేదు. పోలిక గుంపులోని 16 మందిలో ఐసీయూకు వెళ్ళినవారు గానీ, చనిపోయినవారు గానీ లేరు. మందు తీసుకున్నవాళ్ళలో ఒకరు పోయినా ఆ మరణం ఫలితాన్ని ఇసుమంత కూడా మార్చలేదంటే, ఆ లెక్క కొలిచింది ప్రాణాన్ని కాదు, ముక్కులోని వైరస్‌ను. పోలిక గుంపును చీటీ వేసి తీయలేదు కూడా. మందు వద్దన్నవారినీ, వేరే ఆస్పత్రుల రోగులనూ అందులో కలిపారు.

మర్నాడు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఈ మందును ఆకాశానికెత్తారు. ఆ తర్వాతి రోజుల్లోనే మన జాతీయ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, ఆరోగ్య సిబ్బంది ముందుజాగ్రత్తగా దీన్ని వాడవచ్చని సూచించింది. మార్చి 28న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చింది. ఒక చిన్న వ్యాసం ఎనిమిది రోజుల్లో ప్రపంచ విధానమైపోయింది. మందుల షాపుల్లో నిల్వలు అడుగంటి, ఏళ్ళ తరబడి ఆ మాత్ర మీదే ఆధారపడ్డ లూపస్ రోగులు వెతుక్కోవలసి వచ్చింది. ఎఫ్‌డీఏ జూన్ 15న తన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆ మార్సెయ్ వ్యాసాన్ని ప్రచురించిన పత్రిక దాన్ని ఉపసంహరించుకోవడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది.

'ల్యాబులో వైరస్‌ను చంపింది కదా' అన్న వాదన కూడా అప్పట్లో బాగా వినిపించింది. నిజమే, చంపింది. కాకపోతే ఆ పరీక్ష ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి పెంచిన కణాల మీద జరిగింది. వైరస్ కణంలోకి దూరడానికి రెండు దారులున్నాయి. ఒకటి కణం తనలోకి మింగుకున్న తిత్తిలోంచి. ఈ దారికి హైడ్రాక్సీక్లోరోక్విన్ అడ్డుపడగలదు. రెండోది కణం పైపొర నుంచే నేరుగా. మన ఊపిరితిత్తుల కణాల్లో వైరస్ ఎక్కువగా వాడుకునేది ఈ రెండో దారినే. అందుకే మనిషి ఊపిరితిత్తుల కణాల మీద మళ్ళీ పరీక్షిస్తే ఆ మందు వైరస్‌ను ఆపలేకపోయింది. ఐవర్‌మెక్టిన్ కథ ఇంకో రకం. ఆస్ట్రేలియాలో 2020 ఏప్రిల్‌లో వచ్చిన ల్యాబు ఫలితం కణాల్లో వైరస్ 48 గంటల్లో సుమారు 5,000 రెట్లు తగ్గిందని చెప్పింది. అయితే గాజు గిన్నెలో వాడిన మోతాదు మనం మామూలుగా వేసుకునే మాత్ర వల్ల రక్తంలో చేరే మోతాదుకు పదుల రెట్లు ఎక్కువ. గిన్నెలో వైరస్‌ను చంపే పదార్థాలు బోలెడున్నాయి, మనిషిని కాపాడుతూ చంపేవే అరుదు. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందు అనడంలో అనుమానం లేదు. నదీతీరపు అంధత్వం నుంచి లక్షలమందిని కాపాడినందుకే దాన్ని కనుగొన్న క్యాంప్‌బెల్, ఓమురాలకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ గొప్పతనం పరాన్నజీవుల మీద రుజువైంది. వైరస్ మీద విడిగా రుజువు కావాలి.

నూరు రోజుల్లోపే తేలిన లెక్క

'జనం పిట్టల్లా రాలిపోతుంటే పరీక్షలు చేసుకుంటూ కూర్చుంటామా?' ఇది బలమైన ఆక్షేపణ, అడిగేవారి ఆవేదన నిజమైనది. దీనికి జవాబు వాదనలో కన్నా, బ్రిటన్‌లో జరిగిన ఒక పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ హోర్బీ, మార్టిన్ లాండ్రే 2020 మార్చిలో రికవరీ అనే పరీక్షను మొదలుపెట్టారు. నిండిపోయిన ఆస్పత్రుల్లో నర్సుకూ డాక్టరుకూ అదనపు భారం పడకూడదన్నది వాళ్ళ మొదటి నియమం. రోగి సమ్మతి తీసుకుంటారు. కంప్యూటర్‌లో కొద్దిపాటి వివరాలు నింపుతారు. ఏ మందు ఇవ్వాలో కంప్యూటరే చీటీ తీసినట్టు చెబుతుంది. 28 రోజుల తర్వాత ఆ మనిషి ఉన్నాడా పోయాడా అన్నదే ప్రధానమైన లెక్క. దేశంలో ఆస్పత్రులు చాలావరకు ప్రభుత్వ వ్యవస్థ కింద ఉండటం వల్ల 170కి పైగా ఆస్పత్రులు ఇందులో చేరాయి.

జూన్ 5న హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి తేలింది. తర్వాత అచ్చయిన పూర్తి లెక్క ప్రకారం మందు ఇచ్చిన 1,561 మందిలో 27.0 శాతం, ఇవ్వని 3,155 మందిలో 25.0 శాతం చనిపోయారు. ప్రాణాలు కాపాడే గుణం కనబడలేదు. పదకొండు రోజుల తర్వాత, అంటే మొదటి రోగి చేరి నూరు రోజులైనా నిండకముందే, రెండో కబురు వచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, 1950ల చివరి నుంచీ వాడుకలో ఉన్న, ఏ చిన్న మందుల షాపులోనైనా అతి చవకగా దొరికే మందు, వెంటిలేటర్ మీదున్న రోగుల్లో మరణాలను 41.4 శాతం నుంచి 29.3 శాతానికి దించింది. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 నుంచి 23.3కు దించింది. ఈ మందుకు అంతకుముందు ఊరేగింపులు లేవు, నాయకుల ప్రకటనలు లేవు. వైరల్ జబ్బుకు స్టెరాయిడ్ ఇవ్వడం ప్రమాదమని చాలామంది నిపుణులు వెనకాడారు కూడా. పేరు మోసిన మందు ఓడి, ఎవరూ పెద్దగా పట్టించుకోని మందు గెలిచిందంటే, ముందుగా ఎవరి ఊహ సరైనదో చెప్పే శక్తి మనలో ఎవరికీ లేదన్నమాట.

మందును తిట్టేవాళ్ళు కూడా తొందరపడి తప్పు చేయగలరని సర్జిస్ఫియర్ అనే సంస్థ ఉదంతం చూపింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల మరణాలు పెరిగాయంటూ ఆ సంస్థ సమాచారంతో 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రిక ఒక వ్యాసం వేసింది. 671 ఆస్పత్రుల్లో 96,000 మంది రోగుల వివరాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఆ మందును ఆపింది. ఆ వివరాలు అసలు ఎక్కడివో చూపమంటే చూపలేకపోయారు. జూన్ 4న వ్యాసం రద్దయింది. మనకు నచ్చిన వైపు వచ్చిన లెక్కనైనా అంతే గట్టిగా నిలదీయాలి.

మన దేశమూ ఒక మంచి పని చేసింది, దాన్ని మనమే సరిగా పట్టించుకోలేదు. కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మా ఎక్కిస్తే ప్రతిరక్షకాలు అంది రోగి బతుకుతాడన్న ఆశ అప్పట్లో ఊరూరా ఉండేది. సినిమా తారలు, సైబరాబాద్ పోలీసులు దాతలను ముందుకు రమ్మని పిలిచారు. ఆలోచనలో తర్కముంది, దాతల మనసులో మంచితనముంది. ఐసీఎంఆర్ 39 ఆస్పత్రుల్లో 464 మందికి చీటీ పంపకంతో పరీక్షించింది. జబ్బు ముదిరినవారో, చనిపోయినవారో ప్లాస్మా గుంపులో 19 శాతం, పోలిక గుంపులో 18 శాతం. 2020 అక్టోబరులో ఈ ఫలితం అచ్చయింది. జాతీయ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. ఈ మధ్యలో కోవిడ్ రెండో అల వచ్చిపడింది. మన సొంత శాస్త్రజ్ఞులు జవాబు చెప్పిన ఏడు నెలల తర్వాత కూడా, అర్ధరాత్రి ఫోన్లు చేసి ప్లాస్మా దాతల కోసం బతిమాలుకున్న కుటుంబాలను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ వేళ మనిషి పక్కన ఉండాల్సినవాళ్ళు ఊరంతా తిరిగారు.

"వేసుకుంటే పోయేదేముంది?"

చాలామంది చివరికి ఈ మాట దగ్గరకొచ్చి ఆగుతారు. పని చేస్తే మంచిదే, చేయకపోతే నష్టమేముంది? నష్టం ఎలా వస్తుందో గుండె వైద్యంలో ఒక పాత ఉదాహరణ ఉంది. గుండెపోటు వచ్చినవారిలో గుండె అదనంగా, లయ తప్పి కొట్టుకుంటే ప్రమాదమని తెలుసు. ఆ అదనపు కొట్టుకోవడాన్ని అణిచే మందులున్నాయి. మందు ఇస్తే ఈసీజీలో లయ కుదురుకోవడం డాక్టర్ల కంటికి కనిపిస్తుంది. ఇంతకన్నా ఏం కావాలని విరివిగా వాడారు. అమెరికాలో చీటీ వేసి చూశారు. 1989లో వచ్చిన ఫలితం: మందు తీసుకున్న 730 మందిలో 56 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 725 మందిలో 22 మంది మరణించారు. లయను సరిచేసిన మందే ప్రాణం తీసింది. అనుభవజ్ఞులైన వేలమంది డాక్టర్లు రోజూ రోగులను చూస్తూ కూడా ఆ తేడాను పసిగట్టలేకపోయారు. ఎలా పసిగడతారు? గుండె రోగి చనిపోతే గుండెజబ్బుతో పోయాడనే అనుకుంటారు.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. డెక్సామెథసోన్ లెక్కలో ఇందాక చెప్పని మూడో వరుస ఒకటుంది. ఆక్సిజన్ అవసరం లేని రోగుల్లో ఆ మందు ఇచ్చినవారు 17.8 శాతం, ఇవ్వనివారు 14.0 శాతం చనిపోయారు. అంటే వాళ్ళకు మేలు లేదు, కీడుకు అవకాశముంది. కారణం కూడా అర్థమయ్యేదే. జబ్బు రెండో వారంలో రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత ఊపిరితిత్తుల మీదే పడినప్పుడు దాన్ని స్టెరాయిడ్ అణిచి కాపాడుతుంది. మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడుతున్నది ఆ రక్షణ వ్యవస్థే, అప్పుడు అణిస్తే వైరస్‌కే సాయం. 2021 వేసవిలో మన దేశంలో జ్వరం తగిలిన రెండో రోజే, ఇంట్లోనే, షుగర్ ఎంతుందో చూడకుండా స్టెరాయిడ్లు వాడినవారు చాలామంది. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, పెరిగిన షుగర్‌లో బ్లాక్ ఫంగస్ బలుస్తుంది. మే 20న తెలంగాణ ప్రభుత్వం ఆ జబ్బును తప్పనిసరిగా తెలియజేయాల్సిన జాబితాలో చేర్చింది, హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది. జులై నాటికి దేశంలో 45,000కు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదయ్యాయి. అన్నీ స్టెరాయిడ్ పాపమే అనలేం, అదుపులో లేని షుగరూ ప్రధాన కారణమే. అయినా రుజువైన మందు కూడా రుజువైన రోగికి, రుజువైన రోజున కాకుండా ఇస్తే మళ్ళీ రుజువులేని మందే అవుతుంది.

చవకమందుల్ని పెద్ద కంపెనీలు తొక్కేశాయన్న అనుమానానికి ఆధారం లేకపోలేదు. లాభాపేక్ష పరిశోధనను ఎలా వంచుతుందో వైద్యచరిత్రలో చాలాచోట్ల కనబడుతుంది. కానీ ఈ సందర్భంలో జరిగింది చూడండి. పరీక్షలో గెలిచిన డెక్సామెథసోన్‌కు పేటెంటు లేదు. రెమ్‌డెసివిర్‌కు ఉంది, అప్పట్లో ధరా ఎక్కువే. దాని కోసం 2021 ఏప్రిల్‌లో జనం బ్లాకులో పుస్తెలమ్మి కొన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద పరీక్షలో ఆస్పత్రిలో చేరినవారి మరణాల మీద దాని ప్రభావం చెప్పుకోదగ్గంతగా లేదని అంతకు ఆరు నెలల ముందే బయటపడింది. తర్వాతి లెక్కల్లో వెంటిలేటర్ దాకా పోనివారికి కొద్దిపాటి మేలు కనిపించింది, పుస్తెలమ్మేంత మేలు మాత్రం కాదు. చీటీ పంపకానికి మందు ధర తెలియదు.

ఐవర్‌మెక్టిన్ మద్దతుదారులది గట్టి వాదన: ఇన్ని దేశాల్లో ఇన్ని చిన్న పరీక్షల్లో మేలు కనబడింది కదా, అన్నీ అబద్ధమేనా? కొన్ని నిజంగా నిలవలేదు. ఈజిప్టు నుంచి వచ్చిన, అందరికన్నా ఘనమైన ఫలితం చూపిన నివేదికలో అంకెలు పొసగడం లేదని లండన్‌లో ఒక వైద్యవిద్యార్థి పట్టుకున్నాక 2021 జులైలో దాన్ని తీసేశారు. అయితే అంతకన్నా ఆసక్తికరమైన వివరణ ఇంకొకటి ఉంది. మట్టిలోంచి పాదాల ద్వారా ఒంట్లోకి చేరే ఒక సన్నని పురుగు ఉష్ణదేశాల్లో చాలామందిలో ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. కోవిడ్ రోగికి స్టెరాయిడ్ ఇస్తే ఆ పురుగు చెలరేగి ఒళ్ళంతా పాకి ప్రాణం తీయగలదు. ఐవర్‌మెక్టిన్ ఆ పురుగును చంపుతుంది. 2022లో వచ్చిన ఒక విశ్లేషణలో, ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల పరీక్షల్లోనే ఐవర్‌మెక్టిన్ మరణాలను తగ్గించినట్టు కనబడిందనీ, తక్కువగా ఉన్నచోట్ల ఆ మేలు లేదనీ తేలింది. అంటే మేలు చూశామన్నవారిలో కొందరు చూసింది నిజమే కావచ్చు, కారణం వాళ్ళు అనుకున్నది కాకపోవచ్చు. బ్రెజిల్‌లో 1,358 మందితో జరిగిన పరీక్ష జబ్బు తొలిరోజుల్లోనే మందు ఇచ్చి చూసింది. ఆస్పత్రిలో చేరినవారి, లేదా అత్యవసర విభాగంలో ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చినవారి శాతం ఐవర్‌మెక్టిన్‌తో 14.7, ఉత్తుత్తి మాత్రతో 16.3. ఆ కాస్త తేడా కాకతాళీయంగానూ రాగలిగినంతది. మన దేశం 2021 సెప్టెంబరులో హైడ్రాక్సీక్లోరోక్విన్‌నూ ఐవర్‌మెక్టిన్‌నూ జాతీయ మార్గదర్శకాల నుంచి తొలగించింది.

ఇక దయ సంగతి. చావుకు దగ్గరైన మనిషికి చీటీ తీసి మందు లేదనడం క్రూరం కాదా? ఎబోలా జబ్బులో సగటున నూటికి యాభై మంది పోతారు. 2014లో జీమ్యాప్ అనే మందు తీసుకున్న ఇద్దరు అమెరికన్ వైద్యసేవకులు కోలుకోగానే దాన్ని సంజీవని అన్నారు. 2018–19లో కాంగోలో, ఒకపక్క అంతర్యుద్ధం, మరోపక్క చికిత్స కేంద్రాల మీద దాడులు జరుగుతుండగా, నాలుగు మందులకు చీటీ వేశారు. అందరికీ ఏదో ఒక మందు అందింది. జీమ్యాప్ ఇచ్చినవారిలో 49.7 శాతం చనిపోయారు, మరో రెండు మందులతో 35.1, 33.5 శాతం. ఆ చీటీ వేయకపోయి ఉంటే జీమ్యాపే దయగల వైద్యంగా చలామణీ అయ్యేది, నూటికి పదిహేను మంది అదనంగా పోతున్నా ఎవరికీ తెలిసేది కాదు.

కృష్ణపట్నం వరుసలో

2021 మే 21న ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులతో అంబులెన్సులు కూడా వచ్చాయి. పంపిణీ ఆగింది. వాదం రెండు ముక్కలైంది: నాటువైద్యాన్ని అవమానిస్తున్నారని ఒక వర్గం, మూఢనమ్మకమని ఇంకో వర్గం. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి తరఫున మందు తీసుకున్నవారికి ఫోన్లు చేసి అభిప్రాయాలు సేకరించే ప్రయత్నం జరిగింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటిచుక్కలు తప్ప మిగతా మందులకు అనుమతినిస్తూ, వీటివల్ల హాని లేదనీ, కోవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదనీ చెప్పింది. రెండు వర్గాలూ తామే గెలిచామనుకోవడానికి అది సరిపోయింది. మందుకు గుణముందా అన్న ప్రశ్న ఎక్కడ మొదలైందో అక్కడే ఉండిపోయింది. వాడినవారికి మాత్రమే ఫోన్ చేస్తే పక్క మడి ఎలా కనబడుతుంది?

మూలికలన్నీ పనికిరావని ముందే తీర్మానించడం కూడా ఆధారంలేని మాటే. మలేరియాకు ఇవాళ ప్రపంచమంతా వాడే ఆర్టెమిసినిన్‌ను చైనాలో తూ యూయూ బృందం ఒక మూలిక నుంచే తీసింది, పరీక్షల్లో నెగ్గాకే అది మందయింది. కృష్ణపట్నంలో అప్పుడు ఆ పరీక్షకు కావలసినవన్నీ ఉన్నాయి. మందు చాలలేదు, కాబట్టి 1947లో స్ట్రెప్టోమైసిన్‌కు లాగే ఇక్కడా కొందరికి ఎలాగూ అందేది కాదు. ఎవరికి అందాలో తోపులాట తేల్చింది, అదే చీటీ తేల్చి ఉంటే బలహీనులకు కూడా సమాన అవకాశం దక్కేది. ఆ పరీక్ష ఇలా జరగాల్సింది: నోటి ద్వారా ఇచ్చే మందును ఒకే పాళ్ళలో కలిపించాలి. జబ్బు తొలిరోజుల్లో ఉన్నవారిని, వాళ్ళ సమ్మతితో చేర్చుకోవాలి. రెండు గుంపులవారూ డాక్టరు చెప్పిన మందులు మానకూడదు. ఆక్సిజన్ పడిపోయినవారిని వరుసలోంచి తీసి ఆస్పత్రికి పంపాలి. పేరు, వయసు, షుగరుందా లేదా, ఫోన్ నంబరు ఒక రిజిస్టరులో రాయాలి. 28 రోజుల తర్వాత, ఎవరికి మందు అందిందో తెలియని మనిషి చేత, ఆస్పత్రిలో చేరారా అని రెండు గుంపులకూ ఫోన్ చేయించాలి. మందు లేకపోతే నూటికి పదిమంది ఆస్పత్రి పాలవుతారనీ, మందు ఆ సంఖ్యను ఏడుకు దించగలదనీ అనుకుంటే, ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి గణాంక సూత్రం ప్రకారం ఒక్కో గుంపుకు సుమారు 1,350 మంది, మొత్తం 2,700 మంది చాలు. ఆ ఒక్క ఉదయం ఆ ఊరికి వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు.